పిట్టల కార్డుల వెనక రాత

అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా సుబ్బరాయుడి చేతికి వణుకు రాలేదు. ముప్పై నాలుగేళ్ళు మైసూరు రోడ్డులోని ఒక అచ్చాఫీసులో ఆయన రీటచింగ్ పని చేశాడు. క్యాలెండరు బొమ్మల ఫిల్ముల్లో సూదిమొనంత బెజ్జాలు పడితే సన్నటి కుంచెతో ఎర్రమందు పెట్టి పూడ్చేవాడు. ఒక్క బెజ్జం వదిలేసినా అచ్చులో లక్ష్మీదేవి చెంప మీద నల్లచుక్క పడుతుంది. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయింది. తర్వాత ఆ ఆఫీసూ మూతపడింది.

కాటన్‌పేట సందులో రెండు గదుల ఇల్లు. భార్య వరూధిని నాలుగేళ్ళ కిందట కాలం చేసింది. ఆ తర్వాత పొద్దుపోక అవెన్యూ రోడ్డులో తిరుగుతుంటే నాగరాజు పిలిచాడు. నాగరాజుది పాత నాణేలు, స్టాంపులు, పోస్టుకార్డులు అమ్మే చిన్న అంగడి. ఇద్దరివీ తాతల కాలంలో బెంగళూరు చేరిన తెలుగు కుటుంబాలే.

"రాయుడన్నా, ఇంట్లో సుమ్నె, ఊరికే కూర్చోని ఏం చేస్తావు? ఈ కార్డులు స్వల్ప శుభ్రం చేసియ్యి."

అట్లా మొదలైంది. చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చిన బొమ్మకార్డులు, పాత అగ్గిపెట్టె చీటీలు ఒకటొకటిగా ఆయన బల్ల మీదికి చేరేవి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపేవాడు. జిడ్డు ఉన్నచోట బ్రెడ్డు లోపలి పొడి చల్లి వేలి కొసతో మెల్లగా రుద్దేవాడు. తడిపి చదును చేయాల్సి వస్తే అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన ఇస్త్రీపెట్టె బరువుంచేవాడు. ఆయనకొక నియమం ఉండేది. రంగు పూయడు. అంచులు కత్తిరించడు. అచ్చాఫీసు నుంచి బయటికి వచ్చిన రోజున కార్డు మీద ఏమున్నదో అది ఉండాలి, తర్వాత చేరింది పోవాలి. నియమం ఇంత తేటగా ఉన్నాక, ఇందులో తప్పేమైనా ఉందా అని ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. శుభ్రం చేసిన సంగతి కొనేవాళ్ళకు నాగరాజు చెబుతున్నాడా లేదా అని కూడా అడగలేదు.

పోయిన ఏడాది మాఘమాసంలో నాగరాజు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో ముప్పై ఒక్క కార్డులు. నలభై ఏళ్ళ కిందట చమ్కీ గమ్ అనే చూయింగ్ గమ్‌తో వచ్చిన పిట్టల కార్డులు. లకుముకి, పాలపిట్ట, గిజిగాడు, పికిలి. వాటిలో బట్టమేక పిట్ట దొరకడం చాలా అరుదు.

"ముందంతా బాగుండాది. వెనకనే, ఎవడో పిల్లోడు పెన్సిల్‌తో గీకి పెట్టినాడు. అది తీసేస్తివంటే చాలన్నా" అన్నాడు నాగరాజు.

సుబ్బరాయుడు వెనక్కి తిప్పి చూశాడు. కన్నడ అక్షరాలు. చదివితే మాత్రం తెలుగు మాటలు. పాత బెంగళూరు తెలుగు ఇళ్ళలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడ నేర్చుకుంటారు. రాయాల్సి వస్తే తెలుగును ఆ లిపిలోనే రాస్తారు. సుబ్బరాయుడూ తన పెళ్ళికి ముందు వరూధినికి ఉత్తరాలు అట్లాగే రాశాడు. కార్డు ఎక్కడ దొరికిందో, ఎవరిచ్చారో ఆ పిల్లవాడు ప్రతి దాని వెనకా రాసుకున్నాడు. రబ్బరు పెట్టే ముందు సుబ్బరాయుడు ఒక్కొక్కటీ చదివాడు. కొన్నిచోట్ల నవ్వుకున్నాడు కూడా. నవ్వుకుంటూనే తుడిచేశాడు. ఇరవై కార్డులు ముందు అయ్యాయి, నాగరాజు వచ్చి పట్టుకుపోయాడు. మిగతా పదకొండూ తుడవడం పూర్తయి బల్ల మీదే ఉన్నాయి.

ఒక శనివారం పొద్దున ఒక అమ్మాయి తలుపు కొట్టింది. పాతికేళ్ళుంటాయి. పేరు కిరణ్మయి అనీ, మారతహళ్ళిలో ఉంటాననీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనీ చెప్పింది.

"నాగరాజుగారు అడ్రస్ ఇచ్చారు అంకుల్. పిట్టల కార్డులు కొన్ని మీ దగ్గరున్నాయన్నారు. అవి మా నాన్నవి."

ఆమె తండ్రి మహేశ్ పుట్టి పెరిగింది బళేపేటలో. కిరణ్మయికి ఆరేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. తల్లి కూతుర్ని తీసుకుని అనంతపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఉద్యోగం వచ్చాక కిరణ్మయి బెంగళూరుకు తిరిగొచ్చి, చిన్నాన్న సుధీర్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది. నాన్న వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక డబ్బా ఉండేదనీ, అవెన్యూ రోడ్డులో ఇచ్చేశాననీ ఆయన చెప్పాడు. అట్లా నాగరాజు, నాగరాజు నుంచి ఇక్కడికి.

సుబ్బరాయుడు పదకొండు కార్డులనూ ఒక తెల్లగుడ్డ మీద పరిచాడు. ఆమె బొమ్మలవైపు చూడనేలేదు. లకుముకి పిట్టను తీసి వెంటనే వెనక్కి తిప్పింది. రెండోది తిప్పింది. మూడోది.

"వెనక ఏమీ రాసి లేదా?"

ఆయన తెల్లగుడ్డ అంచు సర్దాడు.

"అమ్మ చెప్పేది అంకుల్, ప్రతి కార్డు వెనకా నాన్న ఏదో రాసుకునేవాడంట. పెళ్ళైన కొత్తలో తనకు చూపించి తెగ నవ్వించాడంట. నా దగ్గర నాన్న ఫోటోలున్నాయి. గొంతు లేదు. రాత కూడా లేదు, బ్యాంకు కాగితం మీద ఒక సంతకం తప్ప. అందుకే..."

"ఉండె పాపా" అన్నాడు సుబ్బరాయుడు. "అన్నిటి మీదా ఉండె. నేనే తుడిచేసినా."

ఆమె కోప్పడలేదు. కార్డును గుడ్డ మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోప్పడి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది.

వరూధిని కాలం చేసిన ఏడాది దీపావళికి ఆయన ఇంటికి సున్నం వేయించాడు. వంటింటి తలుపు వెనక గోడ మీద ఆమె గ్యాస్ సిలిండరు మార్చిన తేదీలు పెన్సిల్‌తో రాసి ఉంచేది. పన్నెండేళ్ళ తేదీలు. పనివాడు వేసి వెళ్ళిపోయాక, సాయంత్రం పాలు కాచుకోవడానికి లోపలికి వెళ్ళి తలుపు వేసినప్పుడు కనిపించింది తెల్లగోడ. ఆ రోజు పాలు పొంగిపోతున్నా ఆయన స్టవ్ ఆపలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ పిల్లకూ చెప్పలేదు. లేచి, లకుముకి పిట్ట కార్డును తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

ఎండ ఏటవాలుగా పడుతోంది. కార్డును వెనక్కి తిప్పి, కంటికి సమంగా ఎత్తి, మెల్లగా వంచాడు.

"ఇట్లా రా పాపా. ఇక్కడ చూడు."

పెన్సిలు పోయింది కానీ, పెన్సిలు నొక్కిన చోటు పోలేదు. పిల్లవాడు బలంగా ఒత్తి రాశాడు. ఎండ పక్కనుంచి తగిలేసరికి తెల్లటి అట్ట మీద సన్నటి గాడులు నీడ పట్టి లేచాయి.

కిరణ్మయి వంగి చూసింది. "ఇది కన్నడ కదా అంకుల్?" బస్సు బోర్డులైతే ఆమె కూడబలుక్కుని చదువుతుంది. ఈ గొలుసుకట్టు పిల్లరాత ఆమెకు అందలేదు.

"అక్షరాలు కన్నడం. మాట మనదే. చదువుతా విను." ఆయన కార్డును ఇంకాస్త వంచాడు. "ఇది మునెప్ప ఇచ్చినాడు. నేను రెండు గోలీలు ఇచ్చినా. వాడు ఇంగా ఒగటి అడగతా ఉండాడు."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగింది.

"ఇంకోసారి చదవరా?"

చదివాడు. మూడోసారీ చదివాడు. అనంతపురం మాటకు దగ్గరగానే ఉన్నా, కాస్త వేరే సాగతీత ఉన్న యాస అది. తన తండ్రి ఇట్లాగే మాట్లాడి ఉంటాడని ఆమెకు మొదటిసారి తోచింది.

మధ్యాహ్నం దాకా ఆ ఎండను వెంబడించి గది మారుతూ కూర్చున్నారు. పదకొండింటిలో ఏడు దొరికాయి. గువ్వ కార్డు మీద, "జరం వచ్చినప్పుడు నాయన తెచ్చిచ్చినాడు." పాలపిట్ట మీద, "ఇట్లాంటిది మా స్కూలు తావ చూసినా. ఎవురూ నమ్మలే." నాలుగు కార్డులు మాత్రం ఎటు వంచినా తెల్లగానే ఉన్నాయి. అవి ఆయన అన్నిటికన్నా శ్రద్ధగా చేసినవి. తడిపి, అద్ది, బరువు పెట్టి, గాడులు కూడా లేకుండా చదును చేసినవి.

సోమవారం ఆయన నాగరాజు అంగడికి వెళ్ళాడు.

"ఆ ఇరవై కార్డులూ ఎవరికి అమ్మినావప్పా?"

"ఆన్‌లైన్‌లో పోయినాయి. ఒకటి పూనా, ఒకటి కొచ్చి, నాకేం తెలుసు? బట్టమేక ఒక్కటే ఊర్లో ఉండాది. జిగణిలో ఓంకార్ అని, అట్టపెట్టెల వర్క్‌షాపు పెట్టుకోనుండాడు."

"ఏమని చెప్పి అమ్మినావు?"

నాగరాజు అటూ ఇటూ చూశాడు. "ఏమని చెప్తారు? చెయ్యి పడని సరుకు అని. నువ్వేమైనా రంగు పూసినావా? లేదు కదా! మురికి తీస్తే అది మోసమా? ఇంటికి పెళ్ళివాళ్ళు వస్తుంటే పాపకు మొగం కడిగి కూర్చోబెట్టమా?"

"కడిగినామని చెప్పొచ్చు కదప్పా."

"చెప్తే సగం ధర. నువ్వు పోయి ఆయనకేమైనా చెప్తివంటే, ఇంగ నా తావకి రావొద్దన్నా."

సుబ్బరాయుడు చెప్పులు వేసుకున్నాడు. అంగడి మెట్లు దిగి వస్తుంటే తన మీదే కోపం వచ్చింది. నాలుగేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది.

ఆదివారం కిరణ్మయి, ఆయన జిగణి బస్సెక్కారు. ఓంకార్ యాభై దాటిన మనిషి. వరంగల్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళైందట. వర్క్‌షాపు పైనే ఇల్లు. కార్డులు చూడ్డానికి వచ్చారనగానే సంబరపడిపోయి టీ తెప్పించాడు. బట్టమేక పిట్టను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఉంచాడు.

"చిన్నప్పుడు ఈ ఒక్కటి కోసం ఎన్ని గమ్ములు నమిలానో. దొరకలేదు. ఇప్పుడు దొరికింది, అదీ ఎవరి చెయ్యీ పడకుండా. నలభై ఏళ్ళు ఇట్లా ఎట్లా ఉందో అని రోజూ చూసుకుంటానండీ."

సుబ్బరాయుడు టీ గ్లాసు కింద పెట్టాడు. ఏమీ అనకుండా కార్డు చూసి వెళ్ళిపోవచ్చు. పక్కన కిరణ్మయి గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఆయనవైపే చూస్తోంది.

"నా చెయ్యి పడిందయ్యా దాని మీద" అన్నాడు. ఉన్నదంతా చెప్పాడు. జిడ్డు తీసింది, వెనక రాత తుడిచింది, అమ్మేటప్పుడు ఏం చెబుతున్నారో తాను అడగకుండా ఊరుకున్నది.

ఓంకార్ ఆ పెట్టెనే చూశాడు. ఆయన ముఖంలో ఉన్నది మోసపోయినవాడి కోపం కాదు. కొత్త చెప్పులు గుడి ముందు పోగొట్టుకున్న పిల్లవాడి దిగులు.

"చెప్పకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు కదండీ."

"తెలిసేది కాదు."

"ఇప్పుడు చూస్తే అదే బొమ్మ. కానీ మునుపటిలా చూడలేను." ఆయన లేచి స్క్రూడ్రైవరు తెచ్చి, ప్లాస్టిక్ పెట్టె మరలు విప్పి కార్డును కిరణ్మయి చేతిలో పెట్టాడు. "చదువుకోండమ్మా. మీ నాన్నగారు ఏం రాశారో."

ఆ గదిలో ఎండ లేదు. ఓంకారే ఫోను లైటు వేసి పక్కనుంచి పట్టుకున్నాడు. గాడులు కనిపించాయి. సుబ్బరాయుడు చదివాడు.

"ఇది ఎవురికీ ఇయ్యను. అమ్మ అడిగినా ఇయ్యను. నాకు పెండ్లయి పాప పుడితే దానికి ఇస్తా."

పదేళ్ళ పిల్లవాడి రాత. కిరణ్మయి కార్డును ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కన్నీళ్ళు పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. కింద వర్క్‌షాపులో ఎవరో అట్టలు కోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఓంకార్ కార్డును అప్పటికప్పుడు ఇచ్చేయలేదు. ఆ సంగతీ చెప్పాలి. రెండు వారాలు ఆలోచించి, నాగరాజుకు వెనక్కి పంపి డబ్బు తిరిగి తీసుకున్నాడు. చెయ్యి పడిన కార్డని తెలిశాక దాన్ని పెద్ద ధరకు కొనేవాళ్ళు లేరు. నాగరాజు గొణుక్కుంటూనే, రాత ఉన్న కార్డుకు వచ్చే తక్కువ ధరకే కిరణ్మయికి ఇచ్చాడు. సుబ్బరాయుడికి పని ఇవ్వడం మానేశాడు. ఐదు నెలల తర్వాత మళ్ళీ తనే వచ్చాడు. ఇప్పుడు సుబ్బరాయుడు కార్డు దుమ్ము దులుపుతాడు, జిడ్డు తీస్తాడు. ఏం తీశాడో ఒక చీటీ మీద రాసి కార్డుతో పంపుతాడు. పెన్సిలు రాత ముట్టడు. చీటీని నాగరాజు కొనేవాళ్ళకు ఇస్తున్నాడో లేదో నెలకోసారి అంగడికి వెళ్ళి చూసుకుంటాడు. అందుకు ఇద్దరికీ మాటామాటా వస్తూనే ఉంటుంది.

మిగిలిన పంతొమ్మిది కార్డులు ఎక్కడెక్కడికో పోయాయి. ఒక ఆదివారం కిరణ్మయి నోటుపుస్తకం తెచ్చుకుని, వాటి మీదా, తెల్లగా మిగిలిన నాలుగింటి మీదా ఏముండేదో చెప్పమంది. సుబ్బరాయుడు కళ్ళు మూసుకుని ఒక్కొక్క పిట్టనే తలచుకున్నాడు. గిజిగాడి వెనక ఏముందో గుర్తొచ్చింది. పికిలిది, కొంగది గుర్తొచ్చాయి. పన్నెండు దాకా చెప్పగలిగాడు. ఆమె తెలుగులో రాసుకుంది.

"జెముడుకాకిది?"

ఆయన ఆలోచించాడు. ఇంత దాకా చదివీ చదివీ ఆ పిల్లవాడి మాట తీరు ఆయనకు బాగా పట్టుబడింది. మునెప్ప, గోలీలు, జరం, స్కూలు. ఇంకొక్క వాక్యం అదే యాసలో అల్లి చెప్పినా ఆమెకు తెలియదు. నమ్ముతుంది. సంతోషిస్తుంది. పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తోంది కూడా.

"జ్ఞాపకం లేదు పాపా" అన్నాడు.

"కొంచెమైనా? ఒక్క మాటైనా పర్లేదు అంకుల్."

"చదివినా. నవ్వినా కూడా. ఏముండెనో మాత్రం జ్ఞాపకానికి రావడంలే."

ఆమె తలూపి, జెముడుకాకి అని రాసి, దాని పక్కన చోటు వదిలి, కింది వరుసకు వెళ్ళింది.