కడగని గడ్డిచామంతి

మా నాయన వైద్యంలో ఒక నియమం నాకు బొత్తిగా నచ్చేది కాదు. గాయానికి పూసే గడ్డిచామంతి ఆకును ఎవరినీ కడగనిచ్చేవాడు కాదు. కడిగితే గుణం పోతుందని వాళ్ల నాయన చెప్పాడట, అంతే. మా కడప పల్లెల్లో కొడవలికి తెగిన చేతులన్నీ మా అరుగు మీదికే వచ్చేవి. నేను పక్కన నిలబడి మూతి ముడుచుకునేదాన్ని.

యాభైల చివర కర్నూలులో డాక్టరు చదువుకు చేరాను. సూక్ష్మజీవుల పాఠం చెప్పే సారు ఒకరోజు, పల్లెల ఆకువైద్యమంతా ఉత్త నమ్మకమేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా నాయన్ను నేను అనొచ్చు గానీ పరాయివాళ్లు అంటే ఊరుకుంటానా? పరీక్ష చేసి చూపిస్తానన్నాను. ఆకును శుభ్రంగా కడిగి, రసం తీసి, చీము పుట్టించే క్రిములను పెంచే గాజు పళ్లెంలో వేశాను. క్రిములు పండగ చేసుకున్నాయి. సారు నవ్వాడు.

ఆ ఉక్రోషంలో కడగని ఆకును తెచ్చి అవే క్రిములున్న ఇంకో పళ్లెంలో అద్దాను. అద్దిన చోట తెల్లటి మచ్చ ఒకటి మొలిచింది. దాని చుట్టూ చీము క్రిమి అన్నది లేదు, అలికిన వాకిలిలా ఉంది. ఆ తెల్లదాన్ని వేరుచేసి, ఆకు లేకుండా పెంచినా అంతే. ఆకు మీద కాపురముండే క్రిమే ఆ పని చేస్తోంది. సారు మాత్రం అది మురికి పడి చెడిన పళ్లెమనీ, కడిగి పెట్టమనీ అన్నాడు. నేను కడగలేదు.

సెలవులకు ఊరికి పోయి సంబరంగా చెబితే నాయన ముఖం మాడిపోయింది.

“అంటే ఇన్నేండ్లూ నేను జనానికి మురికి పూసినట్లేనా?”

గొప్పంతా ఆకుదేనని ఒక్క మాట అంటే శాంతించేవాడు. అనలేదు. సారు కోసం పళ్లెం కడగనిదాన్ని, నాయన కోసం అబద్ధమాడతానా? ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. అయినా మాట మార్చలేదు.

“నా చెయ్యి తెగితే ఆ ఆకు పూస్తావా, లేదా? అది చెప్పు పాపా,” అన్నాడు చివరికి.

“ఇప్పుడే చెప్పలేను నాయనా. ఆ తెల్లది మంచిదో కాదో ఇంకా తెలీదు. తెలిసేదాకా ఎవురు వద్దన్నా ఇడిసిపెట్టను.”

ఆయన లేచి పెరట్లోకి పోయాడు.

కర్నూలులో బస్సు దిగి సంచితోనే ప్రయోగశాలకు పోయాను. నా పళ్లేలన్నీ ఉడకబెట్టి, తళతళా తోమి, బోర్లించి ఉన్నాయి. ఆ తెల్లది పిసరంత కూడా మిగల్లేదు. ఇక బుద్ధిగా పరీక్షలకు చదువుకోమన్నాడు సారు. నేను సంచిలో చెయ్యి పెట్టాను. బయల్దేరేటప్పుడు నాయన మాట్లాడకుండా నా చేతికిచ్చిన గుడ్డమూట తీసి విప్పాను. మన్నంటిన గడ్డిచామంతి, వేళ్లతో సహా. దాన్ని సారు బల్ల మీదే పెట్టి, పళ్లేలు దగ్గరికి లాక్కున్నాను.

“మళ్లీ మొదట్నుంచి చేస్తాను సార్.”