కళ్ళు మూసుకుని చూసిన కుట్టు

నా చిన్నప్పుడు నాకు కుళ్ళు ఎక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతి కాదనుకోండి, కానీ డెబ్భై దాటాక దాచుకుని మాత్రం ఏం చేస్తాను? బళ్ళో పక్కన కూర్చునే పిల్లకు కొత్త రిబ్బను వస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. మా అమ్మ ఎవరి బిడ్డనైనా ఎత్తుకుంటే మూతి ముడుచుకుని పెరట్లోకి పోయేదాన్ని. ఒకరి వైపు మనసు మొగ్గడం వేరనీ, ఒకరిని చూడకముందే తీసిపారేయడం వేరనీ నాకు తెలిసింది ఆ కుళ్ళు వల్లే. తెలియజెప్పింది మా పక్కింటి అక్క.

మాది నెల్లూరు వైపు కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా నాన్న బళ్ళో పంతులు. మేము ఆదివారం చర్చికి పోయే కుటుంబం. పక్కింట్లో దర్జీ సాయిబు గారు ఉండేవారు. ఆయన పోయాక ఆయన మిషనూ, కత్తెరా, ఆయన దగ్గర బట్టలు కుట్టించుకునే ఇళ్ళూ ఆయన కూతురికి వచ్చాయి. ఆవిడే పక్కింటి అక్క. పిలవడానికి అక్కే గానీ, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది.

అక్కకు నేనంటే ప్రాణం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ మిషను కాళ్ళ దగ్గర కూర్చుని గుడ్డ పేలికలు ఏరుకుంటూ పెరిగాను. రంజాన్ నాడు మొదటి గిన్నె సేమ్యా నాకే. క్రిస్మస్‌కు ఊళ్ళో ఎన్ని గౌన్లు కుట్టాల్సి ఉన్నా నాది ముందు కుట్టి పక్కన పెట్టేది. ఏడేళ్ళకే నాకు సూదిలో దారం ఎక్కించడం, పదేళ్ళకు కాజాలు కుట్టడం నేర్పింది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట ఇంకో నలుగురైదుగురు పిల్లలు కూడా కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. కానీ అక్క పక్కన చాప మీద చోటు మాత్రం నాది. ఆ చోట్లో ఎవరైనా కూర్చుంటే నేను చూసే చూపుకే లేచిపోయేవాళ్ళు.

నాకు పన్నెండో ఏడు వచ్చిన వేసవిలో కుప్పం నుంచి నా ఈడు పిల్ల ఒకతె వచ్చింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు ఉండే వాడను మా వైపు కుప్పం అంటారు. ఆ పిల్ల వాళ్ళమ్మ తట్టలో చేపలు పెట్టుకుని మా వీధిలో అమ్మేది. తన బిడ్డకు కూడా నాలుగు కుట్లు నేర్పమని అక్కను అడిగింది. అక్క సరేనంది. అక్కడితో నా మనశ్శాంతి పోయింది.

కుప్పం వాళ్ళ గురించి నాకు అన్నీ తెలుసని నా నమ్మకం. వాళ్ళ చేతులు మొరటు. వాళ్ళకు సన్నపని రాదు. వాళ్ళు ముట్టుకున్న గుడ్డ చేపల కంపు కొడుతుంది. ఇవన్నీ నాకెవరు చెప్పారంటే చెప్పలేను. బళ్ళో విన్నాను, బావి దగ్గర విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. కుప్పంలో అంతవరకు నేను ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగను. ఆ పిల్ల వచ్చిన మొదటి రోజే నేను ఓణీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మిగతా పిల్లలు నన్ను చూసి నవ్వారు, వాళ్ళూ అలాగే పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే ఏ వాసనా రాలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ రాలేదు. అయినా ముక్కు మూసుకోవడం మానలేదు.

ఆ పిల్ల గోడ వారగా కూర్చుని, తలొంచుకుని కుట్టుకునేది. అది చూసి అక్క ఒకరోజు ఆ పిల్లను పిలిచి తన పక్కన, నా చోట్లో కూర్చోబెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంకోరోజు ఆ పిల్ల జడ ఊడితే అక్కే అల్లింది. ఆ పిల్ల ఏదో చెబితే అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు నా సొత్తు అనుకునేదాన్ని. ఇంటికొచ్చి అమ్మతో అక్క మారిపోయిందనీ, ఆ పిల్లను నెత్తిన పెట్టుకుందనీ చెప్పి ఏడ్చాను. అమ్మ బియ్యం ఏరుకుంటూ విని, నీకు పెట్టే సేమ్యాలో ఏమైనా తగ్గిందా అని అడిగి ఊరుకుంది.

సెలవులు అయిపోవస్తుండగా అక్క ఒక మాట చెప్పింది. బడి తెరిచేలోగా కుట్టివ్వాల్సిన బట్టలు చాలా ఉన్నాయి, తనకు తోడు కావాలి, మాలో ఒకరికి మిషను నేర్పుతానంది. ఒక్కరికే. ఆ రోజుల్లో మిషను మీద కూర్చోవడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు ఎలా చెప్పను! ఆ చక్రం తిప్పడం కోసం నేను ఐదేళ్ళుగా కలలు కంటున్నాను. అక్క పేరు చెప్పకముందే నేను లేచి నిలబడబోయాను. కానీ అక్క రెండు పేర్లు చెప్పింది. నాదీ, కుప్పం పిల్లదీ.

ఇద్దరికీ ఒకే తానులోంచి చించిన తెల్లగుడ్డ ముక్కలు ఇచ్చింది. నాలుగు వైపులా అంచు మడిచి చేత్తో కుట్టుకుని మర్నాడు మధ్యాహ్నం తీసుకురమ్మంది. నేను ఆ సాయంత్రమే మూడు వైపులు పూర్తి చేశాను. అంత బుద్ధిగా నా జీవితంలో ఏ పనీ చేయలేదు. నాలుగో వైపు మర్నాటికి మిగిలింది. మర్నాడు మా ఇంట్లో ముందు రోజు వండిన చేపల పులుసు ఉంది. మామిడికాయ వేసిన పులుసు ఒక పూట నిలవుంటే ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నాలుగు వేళ్ళూ నాక్కుంటూ తిని, చెయ్యి కడిగీ కడగనట్టు కడిగి, నాలుగో వైపు కుట్టేసి పరిగెత్తాను.

అక్క రెండు గుడ్డలూ తీసుకుని ఒకేలా మడత పెట్టింది. మిగతా పిల్లల్ని ఇళ్ళకు పంపేసింది. ఆవిడ నాన్నకు ఒక పద్ధతి ఉండేదట. కుట్టు పూర్తయిన గుడ్డను తిరగేసి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు పొడుగునా నిమిరి చూసేవారట. కంటికి దొరకని లోటు వేలికి దొరుకుతుందట. అక్క కూడా ప్రతి జాకెట్టూ ఇచ్చేముందు అలాగే చూసేది, మాకూ అదే నేర్పింది. ఆ రోజు మాత్రం తను చూడనంది. నా వైపు తిరిగి, సూటిగా చెప్పింది.

"నాకు నువ్వంటే ఇష్టం ఎక్కువ పాపా. నేను చూస్తే నా వేలు నీ వైపే పోతాది. ఈ బిడ్డకు అన్యాయం జరుగుతాది. అందుకని మీరిద్దురే చూడండి."

ఇద్దరూ ఒకే గుడ్డ బాగుందంటే ఆ గుడ్డ కుట్టిన వాళ్ళకే మిషను. చెరొకటి చెబితే తను ఆలోచిస్తానంది. అక్కకు నేనంటే ఇష్టం ఎక్కువని ఆ పిల్ల ముందే అనేసరికి నేను పొంగిపోయాను. మిగతాది సరిగా విననే లేదు.

ముందు కుప్పం పిల్ల కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు గుడ్డల అంచులూ మూల నుంచి మూలకు నిమిరింది. మళ్ళీ మొదటి నుంచి నిమిరింది. ఎంతసేపు చూసిందో! చివరికి ఒక గుడ్డ పైకెత్తి, అక్క చెవిలో ఏదో చెప్పింది. ఆ గుసగుసకు కూడా నాకు కుళ్ళే. తనదే ఎత్తి ఉంటుందిలే, ఎవరి కుట్టు వాళ్ళకు తెలియదా ఏంటి, అనుకున్నాను.

తర్వాత నా వంతు. కళ్ళు మూసుకున్నాను. అక్క గుడ్డలు అటూ ఇటూ మార్చి నా ముందు పెట్టింది. మొదటిది చేతిలోకి తీసుకున్నాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి గుప్పుమని చేపల వాసన. నా ఆనందం ఇంతా అంతా కాదు. అంచు మీద వేలు పెట్టను కూడా పెట్టలేదు. ఆ గుడ్డను దూరంగా విసిరేశాను.

"ఇది కుప్పం పిల్లది అక్కా. కంపు కొడతా ఉంది. ఇదేం బాగుంటాది?" అన్నాను. రెండో గుడ్డ పైకెత్తి, ఇదే బాగుందన్నాను.

కళ్ళు తెరిచాను. విసిరేసిన గుడ్డ మడత విడిపోయి నేల మీద పడి ఉంది. నాలుగో వైపు అంచు మీద పసుపు పచ్చటి మరక, నా వేలి ముద్రంత. నేను తిన్న పులుసు. అది నా గుడ్డ. ఆ మూడు వైపుల కుట్టు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది, అంత బాగా కుట్టాను దాన్ని.

నేను సిగ్గుతో చచ్చిపోయానని చెబితే అబద్ధం. ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఇదంతా అక్క పన్నిన పన్నాగం అనిపించింది. కుప్పం పిల్ల వైపు చూశాను, నవ్వుతుందేమో, నవ్వితే జుట్టు పట్టుకుందామని. నవ్వలేదు. చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. దాచుకునేలోపే నాకు కనబడ్డాయి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఏమయిందని అక్క అడిగింది. రోజూ ఈడికి వచ్చే ముందు ఇసకతో, నిమ్మచెక్కతో రుద్దుకుంటానని నెమ్మదిగా అంది. నేను ముక్కు మూసుకున్న మొదటి రోజు నుంచీ రుద్దుకుంటోందట.

అక్క నా గుడ్డ తీసి దులిపింది. కళ్ళు మూసుకుని నిమిరింది. ఆవిడ మొహంలో దిగులు నాకు బాగా గుర్తు.

"నీదే బాగుండాది. ఈ బిడ్డ కూడా నీదే ఎత్తింది. ఇది నాది కాదక్కా, నాది మూలకాడ ముడుచుకుంటాది, ఇదే బాగుండాది అని నా చెవిలో చెప్పింది. నిన్ను మిషను మీద కూచోబెట్టాలని నా ప్రాణం కొట్టుకుంటా ఉంది. నా మనసు నీ వైపు మొగ్గుతాదని నాకు తెలుసు, తెలుసు కాబట్టి దాన్ని పట్టుకున్నా. నీది అట్టా కాదు పాపా. ఈ బిడ్డ ఏందో చూడకముందే నువ్వు రాసి పెట్టుకున్నావు. ఇంక నీ వేలికి కుట్టు యాడ తగలతాది?"

ఆ మధ్యాహ్నం మిషను కుప్పం పిల్లకు దక్కింది. కుట్టు నాది బాగున్నా, మిషను మీద కూర్చునే మనిషికి మంచి కుట్టు ఏదో తెలిసే వేలు ఉండాలని అక్క తేల్చేసింది. నేను ఏడుస్తూ ఇంటికి పోయాను. నాలుగు రోజులు అక్క ఇంటి గడప తొక్కలేదు. మిషను చప్పుడు గోడ అవతలి నుంచి వినిపిస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. ఐదో రోజు అక్కే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పటికీ ఆవిడకు నేనంటే ఇష్టం తగ్గలేదు. ఆ పిల్లకు మిషను నేర్పుతూనే నాకు పేలికలు దాచిపెట్టింది. ఆ పిల్లకు క్షమాపణ చెప్పానా అంటే, లేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాను. నా చేత అంతే అయింది.

తర్వాత నేనూ మా నాన్నలాగే పంతులమ్మనయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల పేపర్లు దిద్దాను. గుండ్రటి చేతిరాతో, నచ్చిన పిల్ల పేరో కనబడితే నా పెన్ను మెత్తబడుతుందని నాకు తెలుసు. అందుకని ఆ పేపరు రెండోసారి దిద్దేదాన్ని, పేరున్న చోట అట్టముక్క అడ్డం పెట్టేదాన్ని. పక్షపాతానికి అలాంటి ఉపాయాలున్నాయి, ఎందుకంటే అది మనకు తెలుస్తూనే ఉంటుంది. రెండోదానికి, అంటే చూడకముందే తీసిపారేసే గుణానికి, అట్టముక్క పనిచేయదు. పేరు మూసినా, కళ్ళు మూసినా అది తన దారి తాను వెతుక్కుంటుంది. నాకు ముక్కులోంచి వచ్చింది. ఫలానా ఊరి పిల్లలింతే, ఫలానా ఇంటి వాళ్ళింతే అని నా నోటికి ఒక మాట తడుముకోకుండా వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. ఆగి, ఈ మనిషిని నేను చూశానా అని అడుగుతాను. చాలాసార్లు చూసి ఉండను.

మిషను మీద అసూయ ఎప్పుడో పోయింది. పోనిది ఒకటుంది. ఆ పిల్లకు కూడా ఆ మిషను కావాలి, నాకంటే ఎక్కువే కావాలి. నా గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడు దాని వాసన ఆ పిల్లకు రాకుండా ఉండదు. అది ఎవరి గుడ్డో కూడా తెలిసే ఉంటుంది. ఎదురుగా కూర్చుని రోజూ ముక్కు మూసుకునేదాని కుట్టును, బాగుంది కాబట్టి బాగుందని పైకెత్తింది. పన్నెండేళ్ళకు ఆ పిల్లకు వచ్చిన ఆ పని నాకు డెబ్భై దాటినా సరిగా రాలేదు, అందుకే ఆ చేతిని తలుచుకుంటే ఈ రోజుకీ కుళ్ళుగానే ఉంటుంది.