జాతర వారంలో జ్ఞానస్నానం

మా అక్క కొడుకు జ్ఞానస్నానానికి తేదీ ఖాయం చేసింది నేనే. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. నేను చెప్పేవాటిలో సగం కట్టుకథలని తెలిసినవాళ్ళు కూడా, ఇది మాత్రం నిజమని సాక్ష్యం చెప్పడానికి సిద్ధం.

ఎనభైలు మొదలైన కాలం. నాకు ఇరవై నిండాయి. మా అమ్మ వరంగల్‌లో ఒక కాన్వెంటు హాస్టల్లో వంటశాల పెద్ద. మూడు వందల మంది ఆడపిల్లలకు మూడు పూటలా వండించేది. ఒక్క చూపుతో పొంగే పాలను ఆపేదని నేనంటే ఎవరూ నమ్మరు. సరే, పాల సంగతి వదిలేద్దాం. పొంగే మనుషులను ఆపడం మాత్రం చాలామంది చూశారు.

"ఫాదర్‌గారినడిగి ఒక ఐతారం ఖాయం చేసుకరా" అని అమ్మ నన్ను గుడికి పంపింది. ఫాదర్‌గారు కేరళ నుంచి వచ్చి రెండు నెలలే అయింది. గోడ మీది క్యాలెండర్ ముందు ఇద్దరం నిలబడ్డాం. అందులో పునీతుల పండుగలన్నీ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. కొద్ది వారాల్లో తపస్సు కాలం మొదలవుతుంది, ఇక ఈస్టర్ దాకా విందులు చేయకూడదు. ఈలోపు మిగిలిన ఆదివారాలు ఆయన ఊళ్ళు తిరగాలి. ఒక్క ఆదివారమే ఖాళీగా కనిపించింది. అదే రాయించుకుని, పెద్ద పని చేసినదానిలా ఇంటికొచ్చాను.

అక్కతో పాటు మా ఇంట్లోనే ఉంటున్న బావ మిల్లు నుంచి వచ్చి ముఖం కడుక్కుంటున్నాడు. తేదీ విని తువ్వాల సంగతే మరిచిపోయాడు. "అత్తమ్మా, జాతర ఎల్లిన తెల్లారే గదా అది" అన్నాడు.

అడవిలో వనదేవతలకు జరిగే మేడారం జాతర మా క్యాలెండర్లో లేదు. ఫాదర్‌గారికి తెలియదంటే అర్థం ఉంది. నేను పుట్టింది వరంగల్లోనే. రెండేళ్ళకొకసారి ఆ వారం వచ్చిందంటే జిల్లాలోని బస్సులన్నీ మేడారం తొవ్వ పడతాయి. బస్సుల వెనక మేకలు, కోళ్ళు, బెల్లం, షామియానాలు, వంటవాళ్ళు పోతారు. ఊళ్ళో కాకులు కూడా ఉండవని నేనంటాను. అది కొంచెం ఎక్కువే అనుకోండి.

విందు సంగతి కాదు అమ్మను కలవరపెట్టింది. బావ వాళ్ళ అమ్మ సంగతి.

బావ వాళ్ళది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. అక్కను చేసుకోవడానికి బావ మా మతంలోకి వచ్చాడు. ఆనాటి నుంచి మూడేళ్ళుగా వాళ్ళమ్మ కొడుకుతో మాట్లాడలేదు. పిల్లాడు నెలలు నిండకముందే పుట్టి దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు మాత్రం వచ్చింది. పెట్టె చుట్టూ తిరిగి మనుమణ్ణి చూసింది. పక్కనే నిలబడ్డ కొడుకును గోడను చూసినట్టు కూడా చూడలేదు. ఆమె వెళ్ళిపోయాక బావ చాలాసేపు వరండాలోనే ఉండిపోయాడు. మా అమ్మ అది చూసింది. జ్ఞానస్నానానికి విందు చేయాలన్న ఆలోచనంతా అక్కడే పుట్టింది. ఆమె రావాలి, కొడుకుతో ఒక్క మాటైనా మాట్లాడాలి.

"ఈస్టర్ తర్వాత పెట్టుకుందామా?" అన్నాను, నా తప్పు సర్దుకుందామని.

"అప్పటిదాంక ఆగితె ఆ మనసు మల్ల మూసుకపోతది" అంది అమ్మ. మర్నాడు పొద్దున ప్యాసింజర్ ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాం. అక్కడి నుంచి నడక.

వియ్యపురాలు వాకిట్లో కందులు చెరుగుతోంది. చేట ఆపకుండానే మమ్మల్ని కూర్చోమంది. అమ్మ ఆదివారం సంగతి చెప్పింది.

"జాతరకు పోవద్దంటవా?"

"పొమ్మనే అంటాన. పోయి రమ్మంటాన."

"వాడు పిడికెడంత పుట్టిండు వదినె. వాని ఎత్తు బంగారం తల్లికి మొక్కిన. ఆ మొక్కుకే బతికిండు వాడు. వాన్ని నేను మేడారం తోలుకపోత."

జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం జోకి, అంటే తూచి, ఆ తల్లుల గద్దెల దగ్గర సమర్పిస్తారు. ఇప్పుడు అమ్మ ఏమంటుందా అని నేను ఆమె ముఖంలోకి చూశాను. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండే మనిషి, మెడలో జపమాల.

"నువ్వు మొక్కినవ్, మేం ప్రార్థన చేసినం. ఎవ్వలది పనిచేసిందో వాన్నే అడుగుదమంటే వానికింక మాటలు రాలె" అంది అమ్మ. "గంత దుమ్ముల, గంత జనంల ఆర్నెల్ల పోరన్ని ఎట్ల తోలుకపోతవ్ చెప్పు? వాని బరువు పోతె చాలదా?"

చేట ఆగింది. "జోకేటోళ్లెవ్వలు?"

"నేనే జోకిపిస్త. నువ్వు మేడారం పోయేటప్పుడు మా ఇంటిమీదికెల్లి పో, బంగారం కట్టిపెట్టి ఉంచుత. మొక్కు చెల్లించి ఐతారం సాయంత్రానికి రా."

"సూస్త" అంది ఆమె. రానని మాత్రం అనలేదు. తిరిగి రైలెక్కేదాకా అమ్మ ఆ ఒక్క మాటనే నెమరేసుకుంటూ నడిచింది.

మర్నాడు పిల్లాణ్ణి చంకనెత్తుకుని బెల్లం దుకాణానికి పోయాం. దుకాణంలో బెల్లం గుట్టలు పెరిగిపోయి సేటు తల మాత్రమే కనిపిస్తోంది. అమ్మ తక్కెడ పళ్ళెంలో తువ్వాల పరిచి పిల్లాణ్ణి కూర్చోబెట్టింది. సేటు ఆమె మెడలోని జపమాలను చూశాడు, పళ్ళెంలో పిల్లాణ్ణి చూశాడు.

"అమ్మా, మీరు గుడికి... అదే, చర్చికి పోయేటోళ్లు గదా?"

"దవాఖానల జోకినప్పుడు ఎవ్వలేం అడుగలే సేటూ. నువ్వు జోకు."

రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు పడుతున్నాయి. ముల్లు మధ్యకు వచ్చిందో లేదో, మావాడు పళ్ళెం నిండా ఉచ్చ పోశాడు. తువ్వాల మార్చి మళ్ళీ జోకితే బెల్లం వైపు కిందికి దిగింది. సేటు ఒక ముక్క తీయబోయాడు.

"ఉండనియ్. పోసింది గూడ వానిదే" అంది అమ్మ.

పిల్లాడు ఆ రోజు ఎంత తూగాడని అడిగితే నేను చెప్పినప్పుడల్లా కిలో పెరుగుతుంది కనుక ఇక్కడ రాయను.

జాతరకు పోతూ వియ్యపురాలు అమ్మ చెప్పినట్టే వచ్చింది. గడప ఎక్కకుండా బెల్లం మూట తీసుకుని, అక్క చేతిలోని పిల్లాడి బుగ్గ నొక్కి పోయింది. బావ మిల్లులో ఉన్న వేళ చూసుకుని వచ్చిందని నా అనుమానం.

ఇక విందు. మేకల్లేవు గనుక అమ్మ మాంసం మాట కొట్టేసి బగారన్నం, గుత్తి వంకాయ, పప్పుచారు, సేమ్యా పాయసం అని తేల్చేసింది. బస్సుల్లేవు గనుక దూరపు చుట్టాలకు రైలు వేళలు కార్డుల మీద రాసి పంపింది. వంటవాళ్ళు లేరు గనుక హాస్టల్ పిల్లల్లో పెద్దవాళ్ళు పన్నెండు మందిని పిలిచింది. షామియానా దొరకలేదు. కాశిబుగ్గలో మాకు తెలిసిన నేతవాళ్ళు అమ్మకానికి పెట్టుకున్న జంపఖానాలను రెండు బండ్ల మీద పంపారు. గుడి ఆవరణలో కర్రలు పాతి, వాటినే పందిరిగా, చుట్టూ తెరలుగా కట్టాం. అన్ని రంగుల చారల కింద కూర్చుని తిన్న విందు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

జ్ఞానస్నానం పొద్దున పూజలో కాకుండా సాయంత్రం ఐదింటికి పెట్టమని ఫాదర్‌గారిని అమ్మే ఒప్పించింది. శనివారం ఫాదర్‌గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనకు కూడా వెళ్ళింది. బెల్లం దుకాణం సంగతి లోపల ఎలా చెప్పుకుందో నాకు తెలియదు. బయటికొచ్చినప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారు. ఇది కల్పన కాదు, నేను చూసింది.

ఆదివారం ఐదయింది. వియ్యపురాలు రాలేదు. నెత్తిన నీళ్ళు పడగానే మావాడు గుడి పెంకులు లేచేలా ఏడ్చాడు. బావ మాత్రం గుమ్మం వైపే చూస్తున్నాడు.

పూజ అయ్యాక అమ్మ మా అందరినీ పొయ్యిల దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆమె వస్తది. వస్తే ఎవ్వలు ఎదురువోవద్దు. నీళ్లియ్యొద్దు, కూసోమనొద్దు. నేను గూడ కనిపియ్య. నీళ్ల గోలెం కాడ అల్లుడొక్కడే ఉంటడు."

"అట్లయితె తిరిగిపోదా అమ్మా?" అంది అక్క.

"మేడారం నుంచి వచ్చే మనిషి. కాళ్లకు నీళ్లు కావాలె గదా."

మొదటి బంతి లేచేసరికి రోడ్డు మీద ఒక లారీ ఆగింది. ఆమె దిగింది. జుట్టు నిండా పసుపు, మోకాళ్ళ దాకా ఎర్రటి దుమ్ము. ఆవరణలోకి వచ్చి నిలబడింది. క్షణంలో మేమంతా జంపఖానాల వెనక ఉన్నాం. పన్నెండు మంది పిల్లలు, పిల్లాణ్ణెత్తుకున్న అక్క, నేను, చేతిలో గరిటెతో అమ్మ.

ఆమె అటు చూసింది, ఇటు చూసింది. దగ్గింది. గోలెం దగ్గర బావ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. చెంబు ముంచాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. ఎంతసేపు అలా ఉన్నారంటే, నా లెక్క ప్రకారం పాయసం రెండుసార్లు చల్లారింది.

"ఏందిరా, గట్ల నిలవడ్డవ్?" అంది చివరికి. "కాళ్లకు నీళ్లు పొయ్యవా?"

బావ వంగి పోశాడు. సగం ఆమె కాళ్ళ మీద, సగం తన చెప్పుల మీద. "అవ్వా" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో అమ్మను అలాగే పిలుస్తారు.

"బక్కగయినవ్. తింటానవా, లేదా?" అని ఆమె కొడుకు భుజం తడిమి చూసింది. తర్వాత చేతులు చాచి, "పోరడేడి?" అంది.

అక్క తెర వెనక నుంచి ఉరకబోతే అమ్మ కొంగు పట్టి ఆపింది. రెండు క్షణాలు ఆగి, పిల్లాణ్ణి తాను ఎత్తుకుని, ఇప్పుడే ఎక్కడి నుంచో వస్తున్నట్టు తెర పక్కకు జరిపి బయటికి నడిచింది.

"వదినె, ఎప్పుడొచ్చినవ్? సూడనే లేదు."

వియ్యపురాలు తెల్లగౌను పిల్లాణ్ణి అందుకుని పసుపు చేతులతో గుండెకు హత్తుకుంది. గౌనంతా పచ్చబడింది.

"నేనొచ్చినప్పటి సంది గా గుడ్డ కింద నీ కాళ్లు కనవడ్తానయ్ వదినె" అంది. "ఆకెయ్యి. ఆకలైతాంది."