పేర్లు పీకేసిన ఫైళ్లు

మా కంప్యూటర్ సార్ ఇక లేరని బాపట్ల నుంచి ఆయన భార్య ఫోన్ చేసి నెల కావస్తోంది. నాకింకా ఏడుపు కన్నా కోపమే ముందు వస్తోంది. అందులో సగం నా మీదే.

తెనాలిలో ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు రేపల్లె బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఎవరో రాసి అందరికీ వదిలిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ని మా బడుల పాత కంప్యూటర్లలో తేలిగ్గా ఎక్కేలా ప్యాకేజీ కట్టింది సారే. ఏది ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఆ చిన్న ప్యాకేజింగ్ ఫైళ్లు ఆయన సొంత రాత. తప్పు చూపించిన ప్రతివాళ్ల పేరూ వాటి పైన రాసేవారు. మా బడి అటెండరు పేరు కూడా ఉండేది. అవెందుకని ఓసారి నేను చెరిపేస్తే, "చెయ్యెలా వచ్చిందమ్మా నీకు?" అన్నారు. అంతకు మించి నన్నెప్పుడూ కోప్పడలేదు.

సాఫ్ట్‌వేర్‌కి ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సుంది, మరి మన ఫైళ్లకో? పోయినేడు ఆ మాట వచ్చింది.

"పది లైన్లకి లైసెన్సేంటండి సార్!" అని నవ్వాను.

"దానికేదుందో మనవాటికీ అదే పెట్టమ్మా. పేర్లుంచి ఎవరైనా వాడుకోవచ్చు. రేపు నేను లేకపోతే ఎవర్నడుగుతారు?"

అది చేర్చే పని నాకే అప్పగించారు. రేపు రేపంటూ నేను చేర్చలేదు.

పెద్దకర్మ రోజున ఒక కంపెనీ మనిషి దండ పట్టుకొచ్చాడు. సార్ ఫైళ్లలో పేర్లన్నీ పీకేసి ఈమధ్య తమవిగా చెప్పుకుంటున్న కంపెనీ అది. నిలదీశాను.

"లైసెన్సు లేదుగా మేడమ్, ఎవరివీ కానట్టే కదండి!" అన్నాడు.

తాళం వెయ్యని ఇల్లు దారినపోయేవాళ్లదైపోతుందా? లైసెన్సు లేదంటే ఎవరికీ అనుమతి లేదని అర్థం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ లెక్కన మా బడులకూ అనుమతి లేదని తట్టాక ఇంకా మండింది. సార్ నోటితో ఇచ్చినదానికి కాగితం లేదు, నా బద్ధకం వల్ల.

పిల్లల్లేరు కాబట్టి హక్కిప్పుడు సార్ భార్యది. బాపట్ల వెళ్లి లైసెన్సు కాగితం ఆవిడ ముందు పెట్టి, అందులో ఏముందో తెలుగులో వివరించాను.

"పేర్లు పీకేసినోళ్లు కూడా వాడుకోవచ్చా?" అని అడిగారు.

"వాడుకోవచ్చండి. పేర్లు మాత్రం తిరిగి పెట్టాలి."

"నాకైతే ఇవ్వబుద్ధి కావట్లేదమ్మా," అన్నారావిడ. అంటూనే కాగితం దగ్గరికి లాక్కున్నారు. "ఆయనైతే ఇచ్చేవారు."

రాసినవారి పేరుండే చోట సార్ పూర్తి పేరు రాసి, కింద సంతకం పెట్టారు. ఎంత నొక్కి రాశారంటే, ఆ అక్షరాలు కింది కాగితం మీదా పడ్డాయి.