లుక్ ఆఫ్టర్ అంటే తర్వాత చూసుడు కాదు

నాకు ఇంగ్లీష్ రాదనేటోళ్ల కోసం ఇది. నేను చెప్తున్న, మా మనుమరాలు రాస్తున్నది. ఒక్క మాట మార్చినా ఊకోనన్న.

మేం చిన్నగున్నప్పుడు... రాంగోపాల్‌పేట్‌ల ఒక టీచరమ్మ ఇంట్ల మా అమ్మ పని చేసేది. టీచరమ్మ బడికి పోయేముందు చంటిపిల్లను నా ఒళ్లె పండబెట్టి "లుక్ ఆఫ్టర్ బేబీ" అనేది. దినాం అదే మాట...

ఒక ఆదివారం టీచరమ్మ చర్చికి పోతూ, చుట్టపుచూపుగ వచ్చిన తన అక్క కూతురికి ఆ మాట చెప్పింది. ఆ పిల్ల ఇంగ్లీష్ బడిల ఐదో తరగతి. లుక్ అంటే చూసుడు, ఆఫ్టర్ అంటే తర్వాత... తర్వాత చూస్తే సరిపోతదని తొక్కుడుబిళ్ల ఆడనీకి పోయింది.

ఉయ్యాలల పిల్ల ఏడ్చి ఏడ్చి గుక్కపట్టింది. పెరట్ల ఉన్న నేను ఉరికొచ్చి భుజానేసుకున్న. టీచరమ్మ వచ్చి, చదివేదానికి తెల్వనిది నీకెట్ల తెలిసిందే అన్నది. నాకేం తెలుసు... ఆ మాట విన్నప్పుడల్ల నా చేతులల్ల పిల్ల ఉండె.

చానేండ్లకు బేగంపేటల కంప్యూటర్ ఆఫీసులు షురూ అయినయి. ఒక ఆఫీసుల పనిచేసేటోళ్ల పిల్లలను ఉంచే రూం పెట్టి, ఆయా కావాలన్నరు. ఇంట్ల ఉత్తగ కూసునుడు నాతోని కాదు... పోయిన. వచ్చినోళ్లంత పది చదివినోళ్లే. మేడం మా బిడ్డ ఈడుది. సంతకం అడిగితే ఏలిముద్ర ఏస్తనన్న. జెర ఇంగ్లీష్ రావాలె అమ్మా అని నా కాయితం పక్కకు పెట్టింది.

నేను కుర్చీలకెళ్లి లేవలే.

"లుక్ ఆఫ్టర్ అంటే ఏందో నన్నడుగు బిడ్డా" అన్న.

నవ్వుకుంట చెప్పమన్నది.

"చూసుడు వేరే, చూసుకొనుడు వేరే. వాకిట్ల నిలవడి ఎవరన్న చూస్తరు. చూసుకొనేటోళ్లకు పిల్ల ఏడ్వకముందే ఆకలి తెలుస్తది. మన మాటల ఆ 'కొ' ఉన్నది చూడు... గదే మీ ఆఫ్టర్."

మేడం నా కాయితం మల్ల ముందుకు తీసుకున్నది. సిరా డబ్బ తెప్పించింది.

రిటైరయ్యేదాంక అక్కడనే చేసిన. మీటింగులల్ల ఇంగ్లీష్ దంచే తల్లులు, పిల్లకు ఒళ్లు కాలుతున్నదంటే డాక్టర్ కంటె ముందు నన్ను పిలిచేటోళ్లు. నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు అందరు మెసేజ్ కింద టేక్ కేర్ అని పెడుతున్రు... పెట్టి ఫోన్ పక్కన పడేస్తున్రు.

మీకు సుత పుస్తకం కాకుండ చేతులు నేర్పిన మాట ఏదన్న ఉంటే రాయిన్రి... చదివించుకొని వింట.