అడుగు పొర నాది

యాభై ఏళ్ళు దాటింది, ఒక బరువు మోస్తున్నాను. నెత్తిమీది మోపు అయితే దారినపోయే ఎవరో ఒకరు చెయ్యి వేసి దింపుతారు. దీన్ని దింపమని అడగాలంటే ముందు ఇందులో ఏముందో చెప్పాలి. అది చెప్పలేకే ఇన్నాళ్ళూ మోశాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగేదాన్నైతే ఎప్పుడో చెప్పేదాన్ని. నాకు అక్షరాలు యాభై అయిదో ఏట వచ్చాయి, బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకు చెప్పే చదువులో. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. మీరే సరిచేసుకుని చదవండి.

మా ఊరు కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళు. పేరు రాయను. అరవైల చివర ఆ ఊరి పొలిమేరలో మిషను బంగళా ఉండేది. అందులో ఒక దొరసాని ఉండేది, పెళ్ళి లేని మనిషి. పిల్లలకు పాటలు నేర్పేది, పుళ్ళకు మందు రాసేది. ఆవిడ వంటింట్లో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. నేనొకదాన్ని. రెండో ఆమె ఆ మిషను సంఘంలోదే, చిన్నవయసులో మొగుడు పోయినది, ఒక్కతే కూతురు. మాకు చుట్టరికం లేదు. అయినా ఆమెను వదినా అనేదాన్ని, ఆమె నన్నూ అలాగే పిలిచేది. ఆమె పేరూ రాయను. పాప పేరు మార్చి కరుణ అంటాను. ఏడేళ్ళు. ముందు పళ్ళు రెండు ఊడి, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది.

క్రిస్మసుకు దొరసాని తన దేశపు మిఠాయి చేయించేది. మూడు పొరలు. అడుగున వేరుశెనగ గుళ్ళు వేయించి, పొట్టు తీసి, పాకం పట్టి పరచాలి. మధ్యలో పాలు, పంచదార, వెన్న కలిపి ఎర్రగా తిరిగేదాకా కాచిన జిగురు. పైన చాక్లెట్టు, దానికి కోకో పొడి డబ్బా ఓడమీద వచ్చేది. అంతా ఆరాక వేడినీళ్ళలో ముంచిన కత్తితో వేలెడు పొడుగు ముక్కలు కోసేవాళ్ళం. ఊళ్ళో ప్రతి పిల్లకూ ఒక ముక్క. వాళ్ళు దానికోసం నెల ముందునుంచీ వేళ్ళు లెక్కపెట్టేవాళ్ళు.

పని పంచి పెట్టేసింది దొరసాని. అడుగు పొర నాది. మధ్య పొర వదినది. పై పొర ఆవిడది. ఈ పంపకం గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు మా ఇంట్లో తిండికి కటకట. వానలు ఎగ్గొట్టాయి. ఇద్దరు పిల్లలు, అంబలి తాగి తాగి మొహాలు పాలిపోయాయి. దొరసాని నాలుగు మానికల గుళ్ళు కొలిచి, ఇంటి దగ్గర వేయించి పొట్టు తీసి తెమ్మని నా చేతికిచ్చింది. లావుపాటి గుళ్ళు. ఇంటికి తెచ్చి చాటలో పోశానో లేదో పిల్లలు చుట్టూ చేరారు. ఒక్క గుప్పెడు అనుకున్నాను. రెండు రోజుల్లో సగం పోయాయి. వాళ్ళు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆపలేదు. ఆ పని మీద నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. సిగ్గు దాని తర్వాతి పనిది.

అటకమీద ఒక కుండ ఉంది. ఇసక నేలలో వేరుశెనగ జల్లగా మిగిలిన విత్తనం గుళ్ళు. వాటికి మందు పొడి పట్టించి ఉంది, గులాబి రంగుది. పురుగు పట్టకుండా, మొలక కుళ్ళకుండా. విత్తనాలు ఇచ్చినాయన మా ఆయనతో చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. తినకూడదు, కోళ్ళకు కూడా వెయ్యకూడదు అన్నాడు. సంచిమీద పుర్రె బొమ్మ కూడా ఉంది.

ఆ కుండ దింపాను. మూడు నీళ్ళు కడిగాను. నాలుగో నీళ్ళు కూడా పోశాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఎండబెట్టాను, మూకుట్లో వేయించాను, రెండు చేతుల మధ్య నలిపి పొట్టు చెరిగాను. మందు పొట్టుకు కదా పట్టింది, పొట్టు పోతే మందూ పోయినట్టే కదా. ఇదీ నా లెక్క. పప్పు కడుగుతాం, ఆకుకూర కడుగుతాం, మట్టి పోతుంది. కడిగితే పోనిది ఉంటుందని మా ఇళ్ళలో ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళూ నన్ను నేను ఈ మాటతోనే నిద్రపుచ్చుకున్నాను.

కానీ కోడి ఉంది.

పొట్టు పెరట్లో చెరిగాను. మా పెట్ట వచ్చి గీరుకుని తింది. మర్నాడు పొద్దున్న అది గాబు దగ్గర కాళ్ళు చాపి పడివుంది. మెడ ఒకవైపు తిరిగిపోయి ఉంది. కోళ్ళకు తెగులు వచ్చే కాలమే అనుకున్నాను. అనుకున్నానా, నాకు నేను నచ్చజెప్పుకున్నానా? తెగులు కోడిని మేము పారెయ్యం, కూర వండుకుంటాం. దాన్ని మాత్రం గొయ్యి తీసి పూడ్చాను. పైన రాయి పెట్టాను, కుక్కలు తవ్వకుండా. తర్వాత ఆ గుళ్ళను మిగిలిన మంచి గుళ్ళతో కలిపి, గుడ్డలో మూటగట్టుకుని బంగళాకు వెళ్ళాను.

ఆ రోజు వంటింట్లో వదిన ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ ముందు మంగళవారమే కళాయివాడు ఊళ్ళోకి వచ్చాడు. బంగళా ఇత్తడి గిన్నెకు దగ్గరుండి కళాయి వేయించింది. ఇత్తడికి కళాయి లేకపోతే అందులో కాచినది చిలుము ఎక్కి విషమవుతుందని మాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెలుసు. నేనూ పక్కనే కూర్చున్నాను. వాడు నిప్పుల మీద గిన్నె తిప్పి, తగరం రుద్ది, దూదితో తుడిచి చూపించాడు. లోపలంతా వెండిలా మెరిసింది. ఇందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చే అని నేనే అన్నాను.

పాకం వేడి చూడటానికి దొరసాని దగ్గర ఒక గాజు పుల్ల ఉండేది. దాన్ని గిన్నెలో ముంచి ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటుంటే వదిన నా చెవిలో గొణిగింది. "ఆ పుల్ల నోట్లో ఎట్టుకుని జొరం సూసుకోమనే. పాకానికి నా ఏలు సాలు." చుక్క చల్లనీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఇంకా రెండు నిమిషాలు అంది. సరిగ్గా రెండు నిమిషాలకు పుల్ల కూడా అదే చెప్పింది. మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వుతున్నంతసేపూ నా కళ్ళు అడుగు పొర మీదే ఉన్నాయి. పళ్ళెంలో గుళ్ళు తెల్లగా, అమాయకంగా మెరుస్తున్నాయి. ఒక్క మాట చెప్తే చాలు. గుళ్ళు బాగులేవు, పారేద్దాం. అయితే మంచి గుళ్ళు ఏవని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు కోడికంటే పెద్దగా కనబడింది. వదిన జిగురు తెచ్చి నా పొర మీద పోసింది. దొరసాని దానిమీద చాక్లెట్టు పోసింది. నా పొర కనబడకుండా పోయింది.

దొరసానికి ముక్కలు సమంగా, అంచులు తిన్నగా ఉండాలి. వంకర అంచులన్నీ కోసి తీసేది. ఆ అంచులు వంటింటివాళ్ళవి, అది అక్కడి రివాజు. సగం నాకు, సగం వదినకు, కాగితం పొట్లాల్లో. నా పొట్లం కొంగున కట్టుకున్నాను. వదిన తన పొట్లం రవికలో దోపుకుంది. "మా పిల్ల పళ్ళు నేకపోయినా సప్పరిస్తాది" అంది.

మర్నాడు తెల్లారేసరికి కబురు వచ్చింది. కరుణకు వాంతులు. దొరసాని కూడా ఒక ముక్క తిన్నదట, ఆవిడకూ వాంతులు. పళ్ళేలలోని మిఠాయి అంతా గోతిలో పోయించారు. ఊళ్ళో మరే పిల్లకూ అందలేదు. అంచులు తిన్నది ఆ పిల్ల ఒక్కతే.

నేను వంటింట్లోకి వెళ్ళాను. జిగురు అంటుకున్న ఇత్తడి గిన్నె నీళ్ళలో నానుతోంది. తోమడానికి కూర్చున్నాను. తోమాలి కదా, అది నా పనే కదా. ఇటుక పొడి వేశాను, ఇసక వేశాను, కొబ్బరి పీచు తీసుకున్నాను. జిగురు వదిలింది. నేను ఆపలేదు. ఎంతసేపు తోమానో తెలియదు. చేతివేళ్ళు చితికేదాకా తోమాను. జిగురు కోసం తోమానా? జిగురు పోయాక ఇంకా దేనికోసం తోమాను? ఆ గంటలో నా తలలో ఏముందో నాకు నిజంగా తెలియదు అని రాద్దామనుకున్నాను. రాయలేను. గిన్నె అడుగున పసుపుపచ్చగా ఇత్తడి తేలింది. అప్పుడు ఆపాను.

మూడో రోజు పిల్లను శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని బయల్దేరారు. కోటబొమ్మాళి స్టేషనులో రైలు కోసం చూస్తుండగా తల్లి ఒళ్ళోనే పోయింది. రైలు ఇంకా రాలేదట.

పూడ్చిన మర్నాడు బంగళా వరండాలో అందరూ కూర్చున్నారు. సంఘ పెద్ద ఒకాయన గిన్నె తెప్పించి ఎండలో వంచి చూశాడు. "లోపల పచ్చగా తేలిపోనాది. కళాయి నేని గిన్నెలో పాలు కాసినావేటమ్మా" అన్నాడు. వదిన లేచి నిలబడింది. రెండు రోజులుగా ఏడ్చిన మొహం, అయినా గొంతు గట్టిగానే ఉంది. నావైపు తిరిగింది.

"నువ్వు సెప్పొదినా. మంగళారం కళాయోడు వచ్చినప్పుడు నా పక్కనే ఉన్నావు కదా."

"ఉన్నాను."

"గిన్నె లోపల ఎలగున్నాదో సూసినావు కదా."

"నాను సూడనేదు."

"సూడనేదా? బొట్టెట్టుకోవచ్చు అన్నది నువ్వే కదే."

"ఏమో. గ్యాపకం నేదు."

ఆమె నన్ను అలాగే చూసింది. కోపంగా కాదు. తను చూసింది నిజంగా చూసిందో లేదో అని తనకే అనుమానం వచ్చినట్టు. తర్వాత గిన్నె అందుకుని లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "అయితే నానే సంపుకున్నానా" అంది. ఎవర్నీ అడగలేదు. గిన్నెతో అంది.

ఇక్కడ నేను దాటేసిన సంగతి ఒకటి ఉంది. దాన్ని వదిలేసి కాగితం మడిచేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కొంగున కట్టుకున్న నా పొట్లం ఏమైంది అని మీరు అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మిఠాయి చేసిన సాయంత్రం ఇంటికి పోతూ దారిలో వాగు దాటాలి, మేము గెడ్డ అంటాం. గట్టుమీద ఆగాను. పొట్లం విప్పాను. వెన్న వాసన, చాక్లెట్టు వాసన. ఇంట్లో నా పిల్లలు ఎదురుచూస్తున్నారు. అంబలి తాగే పిల్లలు. ఒక్క అంచు కూడా వాళ్ళకు దాచలేదు. మొత్తం గెడ్డలో పారేశాను. పారేసి, చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఆ పొద్దుకి ఇంకా ఎవరికీ వాంతులు కాలేదు. వదిన ఇంటికి గట్టుమీద నుంచి కూతవేటు దూరం. వెళ్ళి, ఆ పొట్లం ఇలా ఇవ్వు అంటే సరిపోయేది. నా పిల్లలకు పెట్టకూడదని తెలిసిన దానికి ఆ పిల్ల సంగతి తెలియదా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నా సాకులన్నీ ఆగిపోతాయి. చదువు రాదు గనక తెలియలేదు అని లోలోపల ఎన్నిసార్లు చెప్పుకున్నానో. గులాబి రంగుకు చదువు అక్కర్లేదు. పుర్రె బొమ్మకు అక్కర్లేదు. చచ్చిన కోడికి అక్కర్లేదు.

వదిన బంగళా పని మానేసింది. ఎవరూ పొమ్మనలేదు, తనే మానేసింది. ఇంట్లో ఇత్తడి ఉంచుకోలేదు, కుండల్లోనే వండుకుంది. కళాయివాడి కేక వీధిలో వినబడితే తలుపు వేసుకునేది. కొత్తగా కాపరానికి వచ్చిన ప్రతి పిల్లనూ ఆపి చెప్పేది, "గిన్నెకి కళాయి సూసుకోండే, నాలాగ సేసుకోకండే." అందరి ముందూ, తన నోటితో. నేను ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒకసారి నా కోడలికి నా ఎదుటే చెప్పింది. నేను తలూపాను.

ఆమె ఇంకా బతికే ఉంది. చూపు పోయింది. వారానికోసారి గిన్నెడు కూర పట్టుకెళ్తాను. గిన్నె చేత్తో తడిమి, స్టీలేనా అని అడుగుతుంది. స్టీలే ఒదినా అంటాను. అప్పుడు తింటుంది. నీలాటి మనిషి నాకు ఎవరున్నారే అంటుంది. రెండుసార్లు చెప్పేద్దామని నోరు తెరిచాను. మొదటిసారి వానొచ్చింది. రెండోసారి ఏమీ రాలేదు, నేనే లేచి వచ్చేశాను.

ఆమెకు అక్షరాలు రావు. వచ్చినా ఇప్పుడు కళ్ళు లేవు. ఇది ఆమె చదవదు. అది తెలిసే రాస్తున్నానా? అవును. ఇదీ పిరికితనమే. పేరు లేకుండా రాయడం ఇంకో పిరికితనం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఆమెది, పోయిన పిల్లది. వాళ్ళను నేను అడగలేదు.

కానీ ఆ రోజు వరండాలో నన్నొక మాట అడిగారు. దానికి జవాబు బాకీ పడిపోయింది. రాయడం నేర్చుకున్న చేత్తో అదొక్కటీ రాసి పెడతాను. 

గిన్నెకు కళాయి ఉందొదినా. లోపలంతా వెండిలా మెరిసింది. నేను చూశాను. నేనే గీకేశాను.