నౌబత్ పహాడ్ ఎత్తెక్కని కారు

మొన్న మా మనవడి కారు ఫ్లైఓవర్ ఎక్కుతూ ఎక్కుతూ నీరసపడింది. మరునాడు షెడ్డుకు తీసుకుపోతుంటే నేనూ ఎక్కి కూర్చున్నాను, కారు రిపేరంటే ఇంటి మనిషి ఒకరు దగ్గరుండి చూడాలన్నది నా పాత పట్టుదల. అక్కడి మెకానిక్ తన చేతికి నూనె అంటనివ్వలేదు. పలకలాంటి దాన్ని ఒక తీగతో కారుకు తగిలించి, దాని మీద ఏదో నంబరు వచ్చిందని, ఫలానా సామాను మార్చాలని చెప్పాడు. మనవడు తలూపాడు. తీసేసిన సామాను నా ఒళ్ళో పెట్టేదాకా నేను మాత్రం కదలలేదు. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చిందే, అయితే అది ఒకసారి ఎవరి మెడకు చుట్టుకున్నదో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకోగలరు.

పోలీసు చర్య అయిన మూడు నాలుగేళ్ళకు మేము నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మావారికి ఒక నల్లకారు ఉండేది. ఎవరో జాగీర్దారు దగ్గర ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, మా చేతికి వచ్చేనాటికి దాని మైళ్ళు చూపే ముల్లు కూడా అలిసిపోయి నిలిచిపోయింది. రైలు దిగినవాళ్ళను ఆబిడ్స్ హోటళ్ళకూ ఖైరతాబాదు బంగళాలకూ చేర్చడమే మా బతుకుతెరువు. ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా మరిది పొద్దున్నే కారు కడిగి, డబ్బాలోని పెట్రోలును గరాటుతో టాంకీలో పోసేవాడు. నలకలు పోకుండా అందరూ మెత్తని తోలుముక్కతో వడకట్టేవాళ్ళు. మా తోలు చిరిగితే మావారు కొత్తది కొందామన్నారు, నేను ఒప్పుకోలేదు. పాలకు పనికొచ్చే గుడ్డ పెట్రోలుకు పనికిరాదా అని, ఎర్రంచు ఉన్న నా పాత నూలుచీర చెంగు కత్తిరించి మడతలు వేసి ఇచ్చాను. ఆ పొదుపు గురించి ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా.

ఆ చలికాలంలో కారుకు జబ్బు చేసింది. స్టేషను నుంచి ఆబిడ్స్ దాకా చదునులో బుద్ధిగా పోయేది. ఖైరతాబాదు దారిలో నౌబత్ పహాడ్ గుట్ట పక్క ఎత్తు తగిలిందంటే చాలు, దగ్గి, ఊపిరందక నిలబడిపోయేది. కాసేపు ఆపితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది. ఒకనాడు పెళ్ళివారు పట్టుబట్టలతో దిగి తోయవలసి వచ్చింది. ఆ సంగతి స్టాండంతా పాకి, ఎత్తు దారి బేరాలన్నీ పక్క కార్లకు పోసాగాయి.

నాంపల్లిలో రేకుల షెడ్డు కింద పనిచేసే ముసలి మిస్త్రీ ప్లగ్గులు తీసి తోమి బిగించాడు, నిప్పురవ్వ చూశాడు, తేడా లేకపోయింది. "ఇంజన్ల దమ్ము పోయినట్టుందమ్మా. రింగులు అరిగి ఉంటయి. మొత్తం ఇప్పాలె," అన్నాడు. ఇంజను విప్పడమంటే నెలరోజులు బండి మూలన పడడం, నా మెడలోని బంగారు గుండ్లు అమ్మకానికి పోవడం. ఆ గుండ్లను తడుముకుంటూ, ముందు మిస్త్రీనే అనుమానించాను.

తర్వాత ఇంట్లో చూశాను. మేము గాసునూనె అనే కిరసనాయిలు డబ్బా తొందరగా ఖాళీ అవుతోంది. మరిది చొక్కా అదే వాసన. పెట్రోలు తెచ్చేదీ పోసేదీ అతనే. కిరసనాయిలు డబ్బా మీద బొగ్గుతో ఎవరికీ కనబడకుండా గీత గీశాను. మూడురోజుల్లో నూనె గీతకు వేలెడు కిందికి దిగింది. ఇక నాకు సాక్ష్యంతో పనిలేకపోయింది. సాయంత్రం అతను అన్నానికి కూర్చోగానే మావారి ఎదుటే అడిగాను.

"పెట్రోల్ల గాసునూనె కలిపి, మిగిలిన పైసలు ఏడ దాస్తున్నవ్?"

"ఏంది వదినా, గట్లంటవ్? ప్లగ్గులు కడగనీకి తీస్కుంటున్న. అన్ననే చెప్పిండు."

"ఔ, నీ ప్లగ్గులు గంతగనం తాగుతయా?"

అతను చెప్పింది నిజమేనన్నారు మావారు. తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నారనుకున్నాను. మరిది కలిపిన ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారేసరికి రేకుపెట్టె పట్టుకుని, కాచిగూడలో మా ఊరివాడెవరో ఉండే గదికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగురోజులు పెట్రోలు మావారే పోశారు. కారు ఇంకా ఎత్తెక్కలేదు. బుద్ధి ఉన్నవాళ్ళకు అది చాలు. నేను మాత్రం పాత కల్తీ టాంకీ అడుగున ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

ఇంజను విప్పే రోజు కొంగు బిగించి మావారితో షెడ్డుకు నేనూ పోయాను. నా అనుమానం చూసి మిస్త్రీకి రోషం వచ్చింది. "షక్ ఉంటె మీరే తిప్పున్రి," అని కారు ముందు పెట్టి ఇంజను తిప్పే హ్యాండిల్ నా చేతికిచ్చాడు. నా బలమంతా పెట్టినా అది ఎదురు తన్నింది. రింగులు అరిగితే సులువుగా తిరిగిపోవాలట. ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "దమ్మున్నది. మరి తిండి అందుతలేదా?" అని తనలో తాను అనుకుని, టాంకీలోంచే ఒక సీసా పెట్రోలు తీసి, బానెట్టు పక్కన ఎత్తుగా కట్టి, సన్నని రబ్బరు గొట్టంతో తిన్నగా కార్బురేటరుకు కలిపాడు. మిస్త్రీని పక్కన, నన్ను వెనక కూర్చోబెట్టుకుని మావారు నౌబత్ పహాడ్ వైపు పోనిచ్చారు. కారు ఎక్కడా దగ్గలేదు, ఒక్క ఊపున పైకెక్కింది.

"పెట్రోల్ సాఫ్ ఉందమ్మా," అన్నాడు మిస్త్రీ. సీసాలో ఉన్నది మా టాంకీ పెట్రోలే, కల్తీదైతే ఎత్తెక్కేది కాదు.

షెడ్డుకు తిరిగొచ్చి టాంకీ నుంచి వచ్చే గొట్టం ఊడదీస్తే, దాని మూతిలో తడిసిన దూదిలాంటి ఉండ ఇరుక్కుని ఉంది. నలిగిన నూలు పీచు అది. చదునులో కారుకు కావలసిన కాస్త పెట్రోలు దాని సందుల్లోంచి అందేది, ఎత్తు మీద చాలేది కాదు. ఆ ఉండలో ఒక ఎర్రపోగు కూడా ఉంది.

"ఏం గుడ్డతోని వడకడుతున్నరు?" అని అడిగాడు మిస్త్రీ.

మావారు ఆ పోగును వేళ్ళతో తీసి, నా వైపు ఒక్కసారి చూసి, నలిపి జేబులో వేసుకున్నారు. "పాత టాంకీ కద, ఎన్నడు పడ్డదో," అన్నారు.

మరునాడే తోలుముక్క నేనే తెప్పించాను. కాచిగూడకు మావారు పోయి పిలిచారు. నేను పోలేదు. మరిది పండగలకు వచ్చేవాడు, వసారాలో కూర్చుని చాయ్ తాగేవాడు, నన్ను వదినా అనే పిలిచేవాడు. మా ఇంట్లో అన్నానికి మాత్రం మళ్ళీ కూర్చోలేదు. తప్పు నాదని ఒక్క మాట అనడానికి నాకు ఇరవై ఏళ్ళ వ్యవధి దొరికింది. అతను పోయేదాకా అనలేదు. ఆ పోగు మాట మావారూ ఏనాడూ ఎత్తలేదు.

ఇప్పుడు బండి జబ్బు ఎక్కడుందో పలకే చెబుతోంది. ఇంట్లోవాళ్ళ చొక్కాలు వాసన చూడనక్కరలేదు, డబ్బాల మీద గీతలు గీయనక్కరలేదు. నేను నమ్మకపోయినా మొన్న ఆ పలక చెప్పింది నిజమే, మనవడి కారు ఇప్పుడు ఫ్లైఓవర్ హాయిగా ఎక్కుతోంది. ఆనాడు మా మిస్త్రీ చేతిలో అలాంటిది ఒకటి ఉండి ఉంటే, మా మరిది ఆ పూట కంచంలో ముద్ద తిని లేచేవాడు.